వితండవాదం: అన్నీ అవేనా?

నిన్న మా బావమరిదిని హెల్మెట్ పెట్టుకోమంటే, "పెట్టుకున్నవాళ్ళు చావట్లేదా బావా?" అన్నాడు. "వితండవాదం చెయ్యకురా" అనేశాను. అన్నాక అనుమానం వచ్చింది, ఇది వితండేనా అని.

మన పాత తర్కశాస్త్ర గ్రంథం, గౌతమ మహర్షి న్యాయసూత్రాల్లో చర్చ మూడు రకాలు. నిజం తేల్చుకోడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. ఎదుటివాడి మాట కొట్టెయ్యడమే తప్ప తన పక్షమంటూ ఏదీ నిలబెట్టనిది వితండ. సూత్రంలో మాట "ప్రతిపక్షస్థాపనాహీనః". ఆ లెక్కన మావాడిది వితండ కాదు. హెల్మెట్ అక్కర్లేదన్న పక్షం వాడికి ఉంది, చూపించిన కారణమే చెల్లదు. పెట్టుకుంటే చావే రాదని నేనెప్పుడన్నాను? అనని మాట నాకు అంటగట్టి దాన్ని ఖండించాడు.

అసలు సిసలు వితండ మా నాన్నగారిది. పండక్కి ఊరెళ్ళాలి. ట్రైన్ అంటే "ఇప్పుడు టికెట్లెక్కడ దొరుకుతాయి?" బస్సంటే "నా నడుం ఏమైపోవాలి?" కారంటే "రాత్రంతా ఎవడు నడుపుతాడు?" పోనీ మానేద్దామంటే "పండక్కి ఇంట్లో కూర్చుంటారా ఎవరైనా!" మరి మీరే చెప్పండంటే, "నేనేం చెప్పను, మీరు చెప్పేవి కుదరవంటున్నానంతే."

వ్యాఖ్యలు:

— వాడుకలో మొండివాదనంతా వితండే అయిపోయింది కదండీ. జల్పం అంటే ఇప్పుడు ఎవరికి తెలుసు?

— నిజమే, తప్పనడం లేదు. అన్నిటికీ ఒకటే పేరైతే ఏది ఎక్కడ తప్పిందో పట్టుకోలేమని నా బాధ. అడిగినదానికి సంబంధం లేని జవాబొస్తే మాత్రం మనవాళ్ళు సూటిగా చెప్పారు: తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం.

— మా నల్లగొండ దిక్కు ఇవన్నిటికీ కలిపి "అడ్డగోలు మాట్లాడకు" అంటరు సార్.

— ఛలం వదిలేశారు! మాటకున్న రెండో అర్థం పట్టుకుని పేచీ పెట్టడం. న్యాయసూత్రాలకి వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో ఉదాహరణ "నవకంబలుడు". కొత్త కంబళివాడు అని ఒకరంటే, "తొమ్మిదెక్కడ, ఒక్కటేగా ఉంది!" అంటాడు రెండోవాడు. నవ అంటే కొత్త, తొమ్మిది కూడా.

— దీనికి సంస్కృతం దాకా ఎందుకండీ. మా ఇంట్లో పంపకాలప్పుడు చిన్నాన్న "నా పాలు నాకు పంచిపెట్టండి" అంటే, మా నాన్నమ్మ లోపలికెళ్ళి గ్లాసెడు పాలు తెచ్చి ముందు పెట్టింది.