నవ్వలేక చచ్చామా, ఏడవలేక నవ్వామా?

బందరు లడ్డు:
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో పుట్టిన ఒక తగువు మీరే తీర్చాలి. మొన్న శనివారం రాత్రి నలుగురం కూర్చుని 'ది ఫుల్ మాంటీ' చూశాం. 1997 నాటి బ్రిటిష్ సినిమా. షెఫీల్డ్‌లో ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పని పోయిన ఆరుగురు మగాళ్ళు డబ్బు కోసం ఒక్క రాత్రి స్టేజీ ఎక్కి, ఆడవాళ్ళ ముందు బట్టలు విప్పే డాన్సు చేద్దామనుకుంటారు. కథంతా ఇంతే. 35 లక్షల డాలర్లు పెట్టి తీస్తే 25 కోట్ల డాలర్ల పైనే వచ్చిందట.

సినిమా అయ్యాక మా వాట్సాప్ గ్రూపులో నేను 'నవ్వలేక చచ్చాం' అని పెట్టాను. దాని కిందే మా పక్కింటి పెద్దాయన 'నేను మాత్రం ఏడవలేక నవ్వాను' అని పెట్టారు. ఇక చూడండి గోల! ఆయనకు సినిమా నచ్చలేదని కొందరు, ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఉండదని కొందరు. ఆయన్నే అడిగితే నవ్వి ఊరుకున్నారు. అది ఏ నవ్వో నాకు అర్థం కాలేదు.

నా సందేహాలు రెండు. 'నవ్వలేక' అంటే నవ్వడం చేతకాక అని కదా. మరి పగలబడి నవ్వినవాడు 'నవ్వలేక చచ్చాను' అని ఎందుకంటాడు? ఇక 'ఏడవలేక నవ్వడం' పొగడ్తా, తిట్టా?

తెనాలి అక్క:
మొదటిది తేలికే లడ్డుగారూ. అసలు మాట 'నవ్వు ఆపుకోలేక చచ్చాం'. వాడి వాడి అరిగిపోయి ఇలా మిగిలింది.

చీపురుపల్లి మాస్టారు:
వినడానికి బాగానే ఉంది గానీ, నేను ఒప్పుకోలేనమ్మా. పెళ్ళి భోజనం చేసొచ్చినవాడు 'అబ్బ, తినలేక చచ్చాను' అంటాడు. తిండి ఆపుకోలేక కాదు కదా! విస్తట్లో పడింది కడుపుకు మించిపోయింది. రైలు దిగి ఇంటికొచ్చి 'పెట్టె మోయలేక చచ్చాను' అంటాం. మోశాం కాబట్టే పెట్టె ఇంటికొచ్చింది. క్రియకు 'లేక' తగిలించి పక్కన 'చచ్చాను' పెడితే, పని జరగలేదని కాదు, ఓపికకు మించి జరిగిందని. 'నవ్వలేక చచ్చాం' కూడా ఆ కోవలోదే. ఇక నవ్వే శక్తి లేనంతగా నవ్వామని.

ఇంకో రకం ఉంది. 'నడవలేక నడిచాడు.' అదే క్రియ రెండుసార్లు. కష్టమ్మీద చేశాడని. 'నవ్వలేక నవ్వాడు' అంటే మొహమాటానికి పళ్ళు బయటపెట్టాడు, అంతే.

మూడో రకం మీ పెద్దాయనది. ముందొక క్రియ, వెనక వేరొక క్రియ. రావలసింది ఏడుపు, వచ్చింది నవ్వు. 'ఆడలేక మద్దెల ఓడు' అనే సామెతా ఈ వరసే. ఆడడం రాక మద్దెల పగిలిందంటాడు. (ఆ షెఫీల్డ్ డాన్సర్లకు ఈ సామెత ముందే చెప్పి ఉండాల్సింది.)

ఓరుగల్లు పోరడు:
మా దిక్కు 'నవ్వలేక సచ్చినం' అనే అంటరు. 'ఆపుకోలేక' కలిపి అనంగ నేనెన్నడూ వినలే. నా ఓటు మాస్టారుకే.

తెనాలి అక్క:
సరే మాస్టారూ, తినలేక చచ్చిన సంగతితో నన్ను ఓడించారు. రెండోది మాత్రం వదలను. 'ఫలానా సినిమాకి వెళ్ళి ఏడవలేక నవ్వుకుంటూ వచ్చాం' అంటే మా ఇంట్లో ఒకటే అర్థం, టికెట్ డబ్బులు దండగ అని. కనుక తిట్టే. అయినా ఆ సినిమా నేనూ చూశాను. బోలెడంత పొగిడారు గానీ, అందులో ఆడవాళ్ళకు ఏముంది చెప్పండి? ఈలలు వేయడం, తిట్టడం. పనీపాటా లేని మగాళ్ళ రికార్డింగ్ డాన్సుకి ఆస్కార్ నామినేషన్లు!

షెఫీల్డ్ చలి:
అక్కా, నామినేషన్లు నాలుగు. వచ్చిన ఆస్కార్ ఒకటి, ఆన్ డడ్లీ సంగీతానికి. అది 'టైటానిక్' ఏడాది, మిగిలినవాళ్ళకు ఆ ఒక్కటి దక్కడమే గొప్ప. నేను చదువు కోసం వచ్చి ఈ ఊళ్ళోనే ఉండిపోయాను. మన వంటింట్లో స్టీలు గిన్నెల పుట్టిల్లు ఈ ఊరే, 1913లో హ్యారీ బ్రియర్లీ పుణ్యాన. సినిమా మొదట్లో షెఫీల్డ్ గొప్పలు చెప్పే పాత డాక్యుమెంటరీ ముక్క వస్తుంది, చూశారా? అది సినిమా కోసం తీసింది కాదు, 1970ల మొదట్లోని నిజం ప్రచార చిత్రమే. దాని వెంటనే ఖాళీ ఫ్యాక్టరీ చూపిస్తారు. నాకైతే సినిమా మొత్తం ఆ రెండు షాట్లలోనే ఉంది.

'పనీపాటా లేని' అన్నారు, అక్కడే నాకు అభ్యంతరం. వాళ్ళకు పని లేదు. 'పనీపాటా లేనివాడు' అంటే మనం సోమరి అని తిడుతున్నట్టు.

చీపురుపల్లి మాస్టారు:
మంచి మాట పట్టారు. 'పని లేక' వేరు, 'పని చేయలేక' వేరు. మొదటి 'లేక'లో వస్తువు లేదు, రెండో దానిలో శక్తి లేదు. ఇవి చాలవన్నట్టు 'లేదా' అనే అర్థంలో ఇంకో 'లేక' ఉంది. 'ఏడుపు లేక నవ్వు' అని విడిగా రాసి చూడండి, రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోమన్నట్టు అయిపోతుంది. మీ పెద్దాయన ఆ రెంటిలో ఏదీ ఎంచుకోలేదు.

బందరు లడ్డు:
ఇదంతా చదివాక నిన్న ఒక సీను మళ్ళీ పెట్టుకుని చూశాను. జెరాల్డ్ ఒకప్పుడు ఫోర్‌మన్. ఉద్యోగం పోయి ఆరు నెలలైనా భార్యకు చెప్పలేదు. ఎన్నాళ్ళకో ఒక ఇంటర్వ్యూ దొరుకుతుంది. ఆయన లోపల మాట్లాడుతుంటే ఈ స్నేహితులు కిటికీ బయట తోటబొమ్మలు ఆడిస్తారు. ఆయన మాట తడబడుతుంది, ఇక ఆ ఉద్యోగం రానట్టే అనిపిస్తుంది. మొదటిసారి ఆ బొమ్మలు చూసే నేను నవ్వలేక చచ్చింది. ఆ వెంటనే జెరాల్డ్ ముఖం చూపించారు. అప్పటికే నవ్వేశాను, వెనక్కి తీసుకోవడానికి లేదు. ఈసారి నవ్వు రాలేదు.

మిల్లు కాలనీ:
చాలా రోజులుగా ఈ గ్రూపులో చదవడమే గానీ రాయలేదు. మా ఊళ్ళో మిల్లు మూతపడినప్పుడు నేను ఏడో తరగతి. నాన్న ఆ తర్వాత కూడా కొన్ని వారాలు పొద్దున్నే క్యారియర్ పట్టుకుని సైకిల్ మీద బయల్దేరేవాడు. ఎక్కడ కూర్చునేవాడో, ఎక్కడ తినేవాడో మాకు తెలియదు. అమ్మకు ముందే తెలుసని చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. వీధిలో ఎవరైనా 'ఏం బావా, ఫస్ట్ షిఫ్టా?' అంటే నాన్న నవ్వేవాడు. మా నానమ్మ గుమ్మంలో కూర్చుని 'వాడు ఏడవలేక నవ్వుతున్నాడే' అనేది. అది తిట్టూ కాదు, పొగడ్తా కాదు.

ఇంకో మాట. 'నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదు' అంటారు కదా. ఆ సామెత వింటూ పెరిగిన మగాడు పని పోయిన రోజున ఏం చేస్తాడు? నవ్వాల్సిందే. షెఫీల్డ్‌లోనూ అలాంటి సామెత ఏదో ఉండే ఉంటుంది.

తెనాలి అక్క:
మీరు రాసింది రెండుసార్లు చదివాను తమ్ముడూ. 'పనీపాటా' వెనక్కి తీసుకుంటున్నాను. ఆడవాళ్ళ సంగతి మాత్రం తీసుకోను. మీ అమ్మగారికి ముందే తెలుసన్నారే, ఆ సినిమా అలాంటి ఆవిడ మీద తీసి ఉంటే నేనూ ఏడవలేక నవ్వేదాన్ని.

షెఫీల్డ్ చలి:
నిరుద్యోగ భృతి క్యూ సీను చెప్పకుండా పోలేను. రేడియోలో డోనా సమ్మర్ పాట వస్తుంది. ఒకడి భుజం కదులుతుంది, ఇంకొకడి కాలు, మరొకడి నడుం. ఎవరూ నవ్వరు, క్యూ చెదరదు. 1998లో ప్రిన్స్ చార్లెస్ ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన చేత కూడా ఆ క్యూ సీను చేయించారు. అది మాత్రం, మాస్టారి లెక్కలో, నవ్వలేక నవ్వడం.

ఓరుగల్లు పోరడు:
ఇంతకీ 'ఫుల్ మాంటీ' అంటే ఏంది అన్నా?

షెఫీల్డ్ చలి:
ఏమీ మిగల్చకుండా మొత్తం అని. మాంటేగ్ బర్టన్ దుకాణంలో కుట్టించే పూర్తి సూటు నుంచి వచ్చిందంటారు, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ దొర తినే భారీ టిఫిన్ నుంచి అంటారు. ఏదీ తేలలేదు. సినిమాలో మాత్రం దిసమొల అనే అర్థం. చివర్లో మనకు చూపించేది వీపులే అనుకోండి.

బందరు లడ్డు:
పెద్దాయనకు ఇదంతా ఫోన్‌లో చూపించాను. మిల్లు కాలనీగారి పోస్టు దగ్గర చాలాసేపు ఆగారు. సినిమా బాగుందా లేదా అన్నది మళ్ళీ చెప్పలేదు. ఆయన టైపు చేసింది 'ఏడ్వలేక' అట, ఫోనే 'ఏడవలేక' అని మార్చిందట. అది సరిదిద్దకుండా చర్చ ఇంత దూరం ఎలా తీసుకెళ్ళారని కోప్పడ్డారు. మాస్టారూ, రెండూ ఒప్పే కదా?