అప్‌డేట్: 'రోజాన్' మొత్తం చూసేశాను

'రోజాన్' అనే అమెరికన్ కామెడీ సీరియల్ (ఏబీసీ ఛానెల్, 1988–97) మొదటి నుంచీ చూడాలా, అందరూ తిట్టే తొమ్మిదో సీజన్ వదిలేయొచ్చా అని అడిగాను కదా. మొదటి నుంచే చూడమన్నవాళ్లకి థాంక్స్ అండీ.

మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ ఒక్కటి చాలు. ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో కొత్త సూపర్‌వైజర్ టార్గెట్ పెంచేస్తాడు. అక్కడ పనిచేసే కథానాయిక రోజాన్, ఆవిడ చెల్లెలు జాకీ, ఇంకొందరు కలిసి ఉద్యోగం మానేసి బయటికొచ్చేస్తారు. చప్పట్లు కొట్టాలనిపిస్తుంది గానీ, రేపటి నుంచి జీతం రాదన్న టెన్షన్ మనకీ పట్టుకుంటుంది. ఎందుకంటే తర్వాతి సీజన్లలో రోజాన్ నిజంగానే సెలూన్‌లో ఊడుస్తుంది, రెస్టారెంట్లో వడ్డిస్తుంది. భర్త డాన్ పెట్టిన బైక్ షాపు మూతపడుతుంది, బిల్లు కట్టలేక ఇంట్లో కరెంటు పోతుంది. అంత చీకట్లోనూ జోకులు ఆగవు. డాన్‌గా వేసిన జాన్ గుడ్‌మన్ ఊరికే సోఫాలో కూలబడినా అలసట కనిపిస్తుంది!

రోజాన్ పెద్ద కూతురు బెకీ ముఖం మధ్యలో ఎందుకు మారిందో చెప్పినవాళ్లకి కూడా థాంక్స్. ఆ పాత్ర వేసిన లెసీ గోరన్సన్ కాలేజీకి వెళ్లడంతో ఆమె బదులు సారా చాక్ వచ్చిందట. ఆ మార్పు మీద సీరియల్లోనే జోకులు వేసుకున్నారు.

ఇక తొమ్మిదో సీజన్. వీళ్లకి 10.8 కోట్ల డాలర్ల లాటరీ! అప్పుల లెక్కలే ప్రాణమైన కథకి ఇదేం ఖర్మ అనుకున్నా. మధ్యలో చాలా ఎపిసోడ్లు పరిగెత్తించేశాను. కానీ చివరిది మాత్రం వదలకండి: లాటరీ అంతా రోజాన్ రాసుకున్న కథ, డాన్ గుండెపోటుతో చనిపోయాడని తేలుతుంది.

2018లో తీసిన పదో సీజన్ నిన్న మొదలుపెట్టాను. డాన్ బతికే ఉన్నాడు.