లేఅవుట్ నీళ్ల సరఫరా ప్రైవేట్ కంపెనీకి ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది బెంగళూరులో మహదేవపుర వైపు పాత లేఅవుట్. దాదాపు వంద ఇళ్లు, సగం మన తెలుగువాళ్లే. 2024 అక్టోబరులో నగరానికి కావేరి నీళ్లు తెచ్చే పథకం ఐదో దశ మొదలైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్లన్నారు. మా వీధికి మాత్రం పైపు ఇంకా రాలేదు.

ఇన్నాళ్లూ రెండు బోర్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు అసోసియేషనే చూసుకుంది. 2024 ఎండాకాలంలో ఒక బోరు ఎండిపోయింది. మోటారు కాలిన ప్రతిసారీ చందాలు, ట్యాంకర్ వాళ్లతో బేరాలు. ట్రెజరర్‌గా ఉండమంటే అందరూ తప్పుకుంటున్నారు (వాళ్లనూ తప్పుపట్టలేం).

ఇప్పుడు ఒక కంపెనీ 15 ఏళ్ల ఒప్పందం తెచ్చింది. బోర్లు, ట్యాంకు, పైపులు వాళ్ల చేతికి. మీటర్లు, ఆర్వో ప్లాంటు వాళ్ల ఖర్చు. కిలోలీటరు రేటు మాత్రం ఏటా 'ఖర్చులను బట్టి' పెంచుతారట. నా టెన్షనంతా ఆ మాట దగ్గరే. పరిమితి లేదు, లెక్కలు చూపిస్తామనీ లేదు. ఉన్న బోరు కూడా ఎండితే ట్యాంకర్ నీళ్ల ఖర్చు ఎవరిదో రాయలేదు.

మధ్యలో కావేరి కనెక్షన్ వస్తే ఒప్పందంలోంచి బయటపడొచ్చా? కొత్త బోరుకు పర్మిషన్ ఎవరి పేర తీసుకోవాలి? నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే కంపెనీకి జరిమానా అని రాయించుకున్నవాళ్లు ఉన్నారా? ఆస్తి అసోసియేషన్ పేరుమీదే ఉంచి నిర్వహణ ఒక్కటే ఇచ్చి ఉంటే, షరతులేమిటో చెప్పండి. ఆదివారం మీటింగ్‌లో సంతకాలు పెట్టేద్దాం అంటున్నారు, ఆలోపు చెబితే మేలు. ఇలాంటి కాగితాలు చూసే లాయర్ తెలిసినా సరే.