పాఠం చెప్పే ఆనందాన్ని జీతంలో కలిపి లెక్కేయాలా?

లెక్కల మిస్, ట్రిప్లికేన్:
ఇంక్రిమెంట్ అడిగితే మా యాజమాన్యం వారు "టీచరు ఉద్యోగంలో ఉన్న తృప్తి డబ్బుతో వస్తుందా అమ్మా?" అన్నారు. తృప్తి లేదని నేననను. మొన్న ఎనిమిదో తరగతిలో మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో చెప్తున్నా. మూడు ఇంటూ మైనస్ రెండు, మైనస్ ఆరు. రెండు ఇంటూ మైనస్ రెండు, మైనస్ నాలుగు. అలా సున్నా దాకా బోర్డు మీద వరసగా రాసి, "తర్వాత మైనస్ ఒకటి ఇంటూ మైనస్ రెండు?" అని ఆగాను. ఎప్పుడూ కిటికీలోంచి బస్సులు చూసే చివరి బెంచీ పిల్లాడు "రెండేసి పెరుగుతోంది మిస్, అయితే ప్లస్ రెండు!" అని అరిచాడు. రోజంతా ఆ హుషారులోనే ఉన్నా. కానీ మా ఇంటి ఓనరు దాన్ని అద్దె కింద జమ కట్టుకోడుగా! మీరేమంటారు?

రిటైర్డ్ మాస్టారు, మైలాపూరు:
అన్నిటికీ లెక్కేనా తల్లీ? 1921లో రాధాకృష్ణన్ గారు మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే శిష్యులే పూలబండి లాగి స్టేషన్‌లో దిగబెట్టారు. ఏ ఆఫీసరుకు దక్కుతుంది ఆ భాగ్యం? నన్నే చూడండి, రంగనాథన్ వీధిలో చీరల సంచులతో వెళ్తున్నావిడ ఆగి "సార్, గుర్తుపట్టారా?" అంటుంది. పట్టలేను. అయినా "ఎందుకు పట్టనమ్మా" అంటాను. ఆ పూటకి కాఫీ కూడా అక్కర్లేదు.

తెలుగు టీచర్, పెరంబూరు:
మాస్టారూ, ఆ పూలబండి ఆయన్ని చేర్చింది కలకత్తా విశ్వవిద్యాలయంలో ఐదో జార్జి పేరిట ఉన్న ఆచార్య పదవికి. ఉత్త చేతులతో వెళ్ళలేదు! మీరేమో ఎయిడెడ్ స్కూల్లో సర్కారు జీతం తీసుకున్నారు, ఇప్పుడు పెన్షన్. అదే స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీలో మేనేజ్‌మెంట్ పోస్టు వాళ్ళుంటారు. పాఠం అదే, జీతం మాత్రం యాజమాన్యం దయ.
సంతోషం నాకూ ఉంది. 2006లో తమిళనాడు స్కూళ్ళలో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చాక మా స్కూల్లో తెలుగు పీరియడ్లు తగ్గిపోయాయి. ఆ కాస్త టైంలోనే అక్షరాలు నేర్చుకున్న ఓ పిల్ల, నెల్లూరు నుంచి అమ్మమ్మ పంపిన మెసేజ్ ఎవరి సాయం లేకుండా చదివేసింది. "అన్నం తిన్నావా బంగారం" అని, అంతే. అది నా సంతోషం. దాన్ని జీతంలో కోసుకోవడానికి వాళ్ళెవరు?

ఐటీ ఉద్యోగి, షోళింగనల్లూరు:
మేడమ్, వేసవి సెలవులు మీకేగా? మాకు దీపావళికి రెండ్రోజులివ్వడమే గగనం.

లెక్కల మిస్, ట్రిప్లికేన్:
సెలవులా! అడ్మిషన్ల కోసం ఎండలో ఇల్లిల్లూ తిరిగేది మేమే. పైగా మాకు మే నెల జీతం లేదు.

రిటైర్డ్ మాస్టారు, మైలాపూరు:
మే జీతం లేదా? అది మాత్రం అన్యాయమమ్మా. అపాయింట్‌మెంట్ ఆర్డరులో పది నెలలని రాశారా, పన్నెండని రాశారా? ముందు అది చూడండి.

లెక్కల మిస్, ట్రిప్లికేన్:
ఆర్డరంటూ ఇస్తే కదా మాస్టారూ.