క్లాసులో డిబేట్లు పెడితే పిల్లలకు మాట్లాడటం వస్తుందా?

కొర్లగుంట అమ్మ: మా పాప తొమ్మిదో తరగతి. బడిలో ప్రతి శనివారం డిబేట్ తప్పనిసరి చేశారు. చీటీ తీయాలి, అనుకూలమో ప్రతికూలమో ఏది వస్తే ఆ పక్షాన మూడు నిమిషాలు మాట్లాడాలి. శుక్రవారం రాత్రి అన్నం కూడా తినదు, అంత టెన్షన్. బలవంతపెడితే మాట్లాడటం వస్తుందా?

పీలేరు మాస్టారు: వస్తుందమ్మా. ఇరవై రెండేళ్లుగా చేయిస్తున్నాను. బట్టీ పట్టిన ఉపన్యాసం ఒక్క ప్రశ్న వేస్తే ఆగిపోతుంది. డిబేట్లో ఎదుటివాళ్ల మాట విని అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. తనకు నచ్చని పక్షం వచ్చిందా, ఇంకా మంచిది. మన చిత్తూరు కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జి యూనియన్‌లో ఉపాధ్యక్షుడయ్యారు. 1815లో మొదలైన చర్చా సంఘం అది.

పలమనేరు నాన్న: మూడు నిమిషాలు ఎక్కువ సార్. ఒకటి చాలు.

పీలేరు మాస్టారు: సభకు నమస్కారం చెప్పేసరికే నిమిషం అయిపోతుంది.

పలమనేరు నాన్న: మొదటి నెలకు అన్నాను సార్.

తిరుపతి లా విద్యార్థిని: నేను మొదటి మూడుసార్లు కాగితం చూసే చదివాను. నాలుగోసారి తలెత్తాను. భయం అలాగే పోతుంది అక్కా.

పీలేరు మాస్టారు: అదే నేను చెప్పేది. తల్లులు ముద్దు చేసి పిల్లల్ని పిరికివాళ్లను చేస్తున్నారు.

కొర్లగుంట అమ్మ: ముద్దు చేశానా? అయితే వినండి. అక్కడ ఇంగ్లీషులోనే మాట్లాడాలి. పోయిన వారం పాపకు మాట అందక "మేం యాడికి పోయినా" అంది. మాది పుంగనూరు పక్క పల్లె, ఇంట్లో మాటే నోటికొచ్చింది. క్లాసంతా నవ్వింది. టీచరు కూడా నవ్వి గంట కొట్టేసింది.

పీలేరు మాస్టారు: ఆ టీచరుది తప్పు, ఒప్పుకుంటాను. ఇంగ్లీషు మాత్రం వదలకూడదు. మా అబ్బాయి చెన్నై ఇంటర్వ్యూలో తెలిసిన జవాబే ఇంగ్లీషులో చెప్పలేక వెనక్కి వచ్చాడు. ఆ రోజు వాడి ముఖం నేను చూశాను.

పలమనేరు నాన్న: మావాడు ఇంట్లో తెలుగు, అమ్మమ్మతో తమిళం, సంతలో కన్నడం మాట్లాడతాడు. బడివాళ్లు వాడి ప్రోగ్రెస్ కార్డులో "మాట్లాడడు" అని రాశారు సార్.

తిరుపతి లా విద్యార్థిని: మాస్టారూ, రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జికి పోకముందే తెలుగులో 'ముసలమ్మ మరణం' కావ్యం రాశారు కదా. వాదం కట్టడం ముందు ఇంటి భాషలో నేర్చుకోనివ్వండి.

పీలేరు మాస్టారు: ఎన్నాళ్లు? పదో తరగతి దాకానా?

కొర్లగుంట అమ్మ: రేపు బడికి పోయి, మొదటి నిమిషం తెలుగులో మాట్లాడనివ్వమని అడుగుతాను.

పీలేరు మాస్టారు: అడుగమ్మా. మిగతా రెండు నిమిషాలూ ఇంగ్లీషే ఉండాలి.