నెత్తిన గంపతో బీచ్ రోడ్డు దాటడం – భీమిలి దగ్గర మా పేట సంగతి, సలహా చెప్పండి

ఒడ్డుపేట కోడలు:

అందరికీ నమస్కారం. మాది విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు మీద, భీమిలికి ఇవతల ఒక చిన్న జాలరి పేట. ఇళ్ళన్నీ రోడ్డుకి కొండవైపు. పడవలు, వలలు, చేపలు ఆరబెట్టే జాగా అన్నీ సముద్రం వైపు. మధ్యలో రోడ్డు. మా అత్త కాపరానికి వచ్చిన కొత్తలో గంటకో బస్సు, నాలుగు సైకిళ్ళు తప్ప ఏమీ కనబడేవి కావట. ఇప్పుడు రుషికొండ దాటాక రోడ్డు ఖాళీగా కనబడేసరికి బండి ఉన్న ప్రతివాడికీ చెయ్యి తిప్పాలనిపిస్తుంది.

రెండు నెలల కిందట, ఇంకా ఐదు కాలేదు, చీకటి. ఆ రోజు కవ్వళ్ళ చేపలు బాగా పడ్డాయి. అత్త గంప ఎత్తుకుని ఒడ్డు మీంచి వస్తోంది. రోడ్డు సగం దాటాక విశాఖ వైపు నుంచి వచ్చిన బైకు కొట్టేసింది. కొట్టినవాడు ఆగలేదు. నేను పరిగెత్తుకుని వెళ్ళేసరికి అత్త రోడ్డు మీద కూర్చుని ఉంది, కాలు పక్కకి తిరిగిపోయి ఉంది. చుట్టూ చేపలు. ఆ నొప్పిలో కూడా చేతికి అందిన చేపల్ని చీర కొంగులోకి ఏరుకుంటోంది. అది నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఒక ఆటో ఆయన ఆగి, 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆటో రోడ్డుకి అడ్డంగా పెట్టి లైట్లు వేసి నిలబడ్డాడు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

చూడ్డానికి వచ్చిన వాళ్ళంతా ఒకటే మాట, “చూసుకుని దాటాల్సింది కదమ్మా” అని. దయచేసి ఒక్కసారి నెత్తిన చుట్టకుదురు పెట్టి, దాని మీద ఇరవై కేజీల తడి గంప పెట్టుకుని నిలబడి చూడండి. మెడ తిరగదు. కుడివైపు చూడాలంటే మనిషి మొత్తం కుడికి తిరగాలి, ఎడమకి చూడాలంటే మళ్ళీ మొత్తం ఎడమకి తిరగాలి. ఈ లోపల కుడివైపు కొత్త బండి వచ్చేస్తుంది. చెవులతో కనిపెడదామంటే కెరటాల మోత. గంప నుంచి నీళ్ళు కారి కళ్ళలో పడతాయి. మా ఆడవాళ్ళు చూసుకోక కాదు, చూడ్డానికి వీలు కాక దెబ్బ తింటున్నారు.

ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాం. ఆ రోడ్డు మాది కాదన్నారు. రెండో ఆఫీసుకి వెళితే మళ్ళీ మొదటి ఆఫీసుకే పొమ్మన్నారు. మా పేట కుర్రాళ్ళు విసిగిపోయి “బండ్లు నెమ్మదించేలా రోడ్డుకి అడ్డంగా మేమే సిమెంటు దిమ్మ కట్టేస్తాం” అంటున్నారు. కట్టొచ్చా? అసలు మేం ఏం అడగాలి, ఎవరిని అడగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రోడ్ల పని చేసినవాడు, కాకినాడ:

అమ్మా, ముప్పై ఏళ్ళు రోడ్ల పని చేసి రిటైరయ్యాను. ముందు మీ కుర్రాళ్ళని ఆపండి. చేత్తో కట్టిన దిమ్మ అడుగు వెడల్పున నిటారుగా ఉంటుంది, రంగు ఉండదు, బోర్డు ఉండదు. చీకట్లో దాని మీద మొదట పడేది మీ పేట మనిషే, బైకు వెనక కూర్చున్న ఆడమనిషే. పైగా కేసు మీ మీద పడుతుంది.

సరైన హంప్‌కి, అంటే స్పీడ్ బ్రేకర్‌కి, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) కొలతలున్నాయి. 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, మెల్లగా లేచి మెల్లగా దిగే గుండ్రం. 25 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవాడికి కుదుపు తెలియదు, 60తో వచ్చేవాడికి తెలుస్తుంది. కానీ మీరు దానికంటే మంచిది అడగండి: ఎత్తు జీబ్రా క్రాసింగ్. మేం టేబుల్ టాప్ అంటాం. రోడ్డే కాస్త పైకి లేచి చదునుగా ఉంటుంది, గీతలు దాని మీద ఉంటాయి. గంపతో ఉన్న మనిషికి ఎక్కడం దిగడం ఉండదు, బండే ఎక్కి దిగాలి.

మీ అత్తగారి సంగతి లెక్కేసి చూశాను. 60 వేగంతో వచ్చే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఏడు మీటర్ల రోడ్డు బరువుతో దాటడానికి ఏడు సెకన్లన్నా పడుతుంది. అంటే ఆవిడ మొదటి అడుగు వేసినప్పుడు 115 మీటర్ల దూరంలో ఉన్న బండి కూడా ఆవిడ దాటేలోపు అక్కడికి వచ్చేస్తుంది. చీకట్లో అంత దూరాన ఉన్న బండి ఎంత వేగంగా వస్తోందో మెడ తిరిగినవాళ్ళు కూడా చెప్పలేరు. అందుకని మనిషికి జాగ్రత్తలు చెప్పి లాభం లేదు, వేగం తగ్గించాల్సిందే. వేగం 50 నుంచి 65కి పెరిగితే, కారు ముందు భాగం తగిలిన పాదచారి చనిపోయే ప్రమాదం 4.5 రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక ఎవరిని అడగాలంటే, ఇద్దరూ మాది కాదన్నారు కాబట్టి ఇద్దరికీ సమాచార హక్కు కింద ఒకే ప్రశ్న వేయండి: “ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా ఈ రోడ్డు నిర్వహణ ఏ శాఖది?” జవాబు 30 రోజుల్లో కాగితం మీద ఇవ్వాలి. తమది కాకపోతే సంబంధిత శాఖకి వాళ్ళే బదిలీ చెయ్యాలి. ఆలోగా సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే పీజీఆర్ఎస్‌లో అర్జీ పెట్టండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు, ఆ కమిటీలో పెట్టమని అర్జీలోనే రాయండి. పోలీసు, రోడ్లు, రవాణా శాఖలు అక్కడ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాయి కాబట్టి ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం కష్టం.

అది బ్లాక్ స్పాట్ (ప్రమాదాలు ఎక్కువ జరిగే చోటుగా గుర్తించింది) కాదు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. జాతీయ రహదారుల మీద ఆ పేరు రావాలంటే 500 మీటర్లలో మూడేళ్ళలో ఐదు పెద్ద ప్రమాదాలో పది చావులో ఉండాలి. మీ పేట అందాకా ఎదురుచూడక్కర్లేదు.

కూకట్‌పల్లి:

ఫుట్ ఓవర్ బ్రిడ్జి అడిగితే సరిపోతుంది కదండీ? ఒక్కసారి కట్టేస్తే బండ్ల గోలే ఉండదు. హైదరాబాద్‌లో చాలాచోట్ల కట్టారు.

ఒడ్డుపేట కోడలు:

అన్నా, మంచి మనసుతో చెప్పారు. కానీ ముప్పై నలభై మెట్లు గంపతో ఎవరూ ఎక్కరు. ఒడ్డు నుంచి రోజుకి నాలుగైదు సార్లు తిరగాలి. మోకాళ్ళ నొప్పులు లేని ఆడమనిషి మా పేటలో యాభై దాటాక లేదు. బ్రిడ్జి కడితే దాని కిందనుంచే దాటుతాం, అప్పుడు “బ్రిడ్జి ఉంది కదా, తప్పు మీదే” అంటారు. పైగా వాటి చుట్టూ రెయిలింగ్ వేసేస్తే వలలు, ఇంజన్లు మోసుకొచ్చే మగవాళ్ళకి దారి లేదు. నేల మీద నడిచే దారే కావాలి మాకు. కాకినాడ బాబాయి గారు చెప్పిన ఎత్తు జీబ్రా మా అత్తకి చెప్పాను. “అలాగైతే కాలు తడబడదు” అంది.

ఆటో, తగరపువలస:

అక్కా, నేను రోజూ ఆ రోడ్డు మీద ఆటో తోలతాను. నడిపేవాడి సీట్లోంచి రెండు సంగతులు చెప్తాను.

ఒకటి, ఆదివారం సాయంత్రం. టూరిస్టుల కార్లు మార్జిన్ మీద బారులు తీరి ఉంటాయి. మొన్న రెండు కార్ల మధ్యనుంచి ముందు బంతి వచ్చింది. బ్రేకు మీద నిలబడిపోయాను. తరవాత పిల్లాడు వచ్చాడు, ఆరేళ్ళుంటాయేమో. ఆ బంతి ముందు రాకపోతే ఏమయ్యేదో ఆలోచించలేను. మీరు జీబ్రా అడిగేటప్పుడు దానికి అటూ ఇటూ కొన్ని గజాలు కార్లు ఆపకుండా రాళ్ళు పాతమని కూడా అడగండి. ఆపిన కారు పక్కనుంచి దాటే మనిషి మాకు కనబడడు, మేం ఆయనకి కనబడం.

రెండు, లైటు. స్తంభం దాటే చోటికి అవతల ఉంటే మనిషి నల్లగా నీడలా ఉంటాడు. ఇవతల, బండి వచ్చే వైపు ఉంటే మొహం, గంప అన్నీ కనబడతాయి. రెండు వైపుల నుంచీ బండ్లు వస్తాయి కాబట్టి రెండు లైట్లు కావాలి.

ఇంకో మాట. మీ అత్తగారి దగ్గర ఆగిన ఆయనకి నా దండం. మా స్టాండులో చాలామంది కేసుల్లో ఇరుక్కుంటామని ఆగరు. దెబ్బ తిన్నవాళ్ళకి సాయం చేసినవాడు పేరు కూడా చెప్పక్కర్లేదని చట్టంలో ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని చేర్చారు. మా స్టాండులో కాగితం అంటించాను.

ఉప్పాడ:

మా దగ్గర కష్టం ఇంకో రకం. కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డుని సముద్రం కోసేస్తుంది. తుపాను వచ్చిన ప్రతిసారీ రోడ్డు అంచు పోతుంది, రాళ్ళు తెచ్చి పోస్తారు, తారు వేస్తారు, బండ్లు మళ్ళీ మొదలు. మనిషి నడిచే మార్జిన్ మాత్రం తిరిగి రాదు. అక్కడ ఇప్పుడు బండరాళ్ళున్నాయి. నేతపనికి పోయే ఆడవాళ్ళు, బడి పిల్లలు తారు మీదే నడుస్తారు. అందుకే చెబుతున్నాను, మీ రోడ్డుకి ఇంకా మార్జిన్ ఉన్నప్పుడే ఫుట్‌పాత్‌గా రాయించుకోండి. తరవాత అడిగితే జాగా లేదంటారు.

రోడ్ల పని చేసినవాడు, కాకినాడ:

ఉప్పాడ తమ్ముడు చెప్పింది నిజం. ఫుట్‌పాత్‌కి ఐఆర్‌సీ 103 ప్రకారం అడ్డేమీ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అదే మాట అర్జీలో రాయండి. 2025 మే 14న సుప్రీంకోర్టు, నడవడానికి అనువైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కేనని చెప్పింది. ఆ ఏడాది అక్టోబరు 7న పాదచారుల భద్రతకి ఆరు నెలల్లో నిబంధనలు చెయ్యమని రాష్ట్రాలని ఆదేశించింది. ఈ రెండు తేదీలూ అర్జీలో ఉంటే కాగితం పక్కన పెట్టడానికి చెయ్యి ఆడదు.

అమ్మా, ఒకటి అడగడం మర్చిపోయాను. కొట్టినవాడు దొరికాడా? ఎఫ్ఐఆర్ అయిందా? దొరక్కపోతే అది హిట్ అండ్ రన్. ఎముక విరిగితే తీవ్ర గాయం కిందికే వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి దానికి కేంద్రం ఇచ్చే పరిహారం 50,000 రూపాయలు. ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ఆర్డీవో ఆఫీసులో అడగండి. రోడ్డు ప్రమాదాల్లో మొదటి ఏడు రోజులకి లక్షన్నర దాకా నగదు లేని వైద్యం పథకం కూడా 2025 మేలో వచ్చింది. పేటలో అందరికీ చెప్పి ఉంచండి.

ఒడ్డుపేట కోడలు:

బాబాయి గారూ, ఎఫ్ఐఆర్ అయింది. మనిషి దొరకలేదు. పరిహారం ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. అప్పు చేసి కట్టు కట్టించాం. రేపే వెళ్తాను.

మీరు ముందు చెప్పినవన్నీ అత్తకి చదివి వినిపించాను. నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకి తనే కుర్చీ వాకిట్లో వేయించుకుని, కట్టు కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. దాటిన ప్రతి మనిషికీ నోటుబుక్కులో ఒక గీత. గంప ఉంటే గీత మీద సున్నా. చదువు రాదు, కానీ ఎనిమిదిన్నర అయ్యేసరికి మూడు పేజీలు నిండాయి. ఎక్కువమంది నూకాలమ్మ గుడి ఎదురుగానే దాటుతున్నారు, అక్కడ ఇసుకలో బాట గట్టిపడి కనబడుతోంది. ఎత్తు జీబ్రా అక్కడే అడుగుతాం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ గంపలు తగ్గుతాయి గానీ పిల్లలకి సెలవులు, పొద్దస్తమానం ఒడ్డునే ఉంటారు. టూరిస్టులూ అప్పుడే ఎక్కువ. ఈలోపు కనీసం లైట్లు, కార్లు ఆపకుండా రాళ్ళు అయినా వేయమని విడిగా రాస్తున్నాం.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌కి పదిమందిమి వెళ్తున్నాం. ఆ నోటుబుక్కు జిరాక్సు తీయించాను. అత్త కర్ర పట్టుకుని నేనూ వస్తానంటోంది. తగరపువలస తమ్ముడూ, ఆ రోజు పొద్దున నీ ఆటో ఖాళీగా ఉంటుందా? ఎనిమిదికల్లా గుడి దగ్గరికి రాగలిగితే చెప్పు. అత్త బస్సు మెట్లు ఎక్కలేదు.