‘కని’యా, ‘గని’యా? ఒక సర్టిఫికెట్ హెచ్చరిక తెచ్చిన సందేహం

గవర్నర్‌పేట, విజయవాడ:
మా కార్యాలయంలో వర్చువల్ డెస్క్‌టాప్‌లు అందించే హొరైజన్ కనెక్షన్ సర్వరుకు, వర్చువల్ యంత్రాలను నిర్వహించే సర్వరు వీసెంటర్‌ను జతచేసినప్పుడల్లా, అది తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్ నమ్మదగినది కాదన్న హెచ్చరిక వస్తుంది. మా కుర్రవాళ్లు చదవకుండానే ‘అంగీకారం’ నొక్కేస్తారు. వాళ్లకోసం రాస్తున్న సూచనల కాగితం మీద ‘వినినంతనె వేగపడక వివరింపదగున్’ అన్న సుమతి పద్యపాదం పెడదామనుకున్నాను. తరువాతి పాదం ‘కని కల్ల నిజము’ అనా, ‘గని’ అనా అన్నది తేలక నిన్నటినుంచి మనసు పీకుతోంది.

బ్రాడీపేట, గుంటూరు:
‘గని’యే సరి. కందంలో రెండో పాదం గురువుతో ముగియాలి కనుక ‘దగున్’ అయింది. ఆ ద్రుతం (చివరి నకారం) మీది కకారం గకారమయింది. మూడో పాదాన్ని విడిగా అచ్చువేస్తే ‘కని’ అనండి, కాదనను.

తెనాలి:
సంధి సరేనండీ, అర్థం మాటేమిటి? ఇక్కడ ‘వివరింప’ అంటే విడమరచి చెప్పడం కాదు, విచారించి చూడడం. సర్టిఫికెట్‌లో పేరు, గడువు, జారీచేసినవారు ఎవరన్నది చూడాలి. పేరుతో పిలవవలసిన సర్వరును ఐపీ చిరునామాతో పిలిచి, పేరు పొసగలేదన్న హెచ్చరిక రాగానే సర్వరును అనుమానిస్తే ఆ కల్ల మనదే.

బ్రాడీపేట:
నా మటుకు పద్యం బలమంతా ‘కని’లోనే ఉంది. సర్వరు తన సర్టిఫికెట్ మీద సంతకం తానే చేసుకున్నప్పుడు, దాని కన్సోలులోని (సర్వరు సొంత తెరమీది) వేలిముద్రను, అంటే ఆ సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే అక్షరాల వరుసను, కళ్లారా చూసి, తెరమీద కనబడినదానితో పోల్చాలి. షా-256 పద్ధతిలో లెక్కకట్టిన వేలిముద్ర అయితే 64 అక్షరాలు. మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి వదిలేయడం వేగపడడమే. ఇక కందం నడక తిక్కనగారి దగ్గర చూడాలి. ఆయన తాత మంత్రి భాస్కరుడు గుంటూరు విభుడని బెజవాడవారికి గుర్తుచేస్తున్నాను.

గవర్నర్‌పేట:
తిక్కనగారు మీవారే, ఒప్పుకున్నాం. వీసెంటర్ మొదటి పేజీ నుంచి మూల సర్టిఫికెట్లు (జారీచేసినవారివి) దించుకుని, కనెక్షన్ సర్వరు విండోస్‌లోని నమ్మదగిన మూలసంస్థల జాబితాలో చేర్చాక హెచ్చరిక పోయింది.

బ్రాడీపేట:
హెచ్చరిక వచ్చిన సర్వరు నుంచే దించుకున్నారు కదా, అది నిజమైనదని ఎలా ‘కన్నారు’?

గవర్నర్‌పేట:
కన్సోలు ముందు కూర్చుని 64 అక్షరాలూ పైకి చదివించానండీ. కాగితం మీద మాత్రం మీ మాట ప్రకారం ‘గని’ అనే అచ్చువేయించాను. పొద్దున ఒక కుర్రవాడు వచ్చి, “ఏ గని సార్, సింగరేణా?” అని అడిగాడు.